కుంగిన బండి

"మళ్లా ఎలుకలే అన్నా" అన్నాడు మెకానిక్ శ్యాంసుందర్, డిక్కీలోంచి తల బయటికి తీస్తూ. అతని వేళ్ల మధ్య కొరికిన వైరు ముక్క ఉంది.

బండి యజమాని సుదర్శన్ ఆ ముక్కను అందుకుని చూశాడు. ఏడాదిలో ఇది నాలుగోసారి. ప్రతిసారీ ఒకటే వరస. పొద్దున లేచి చూసేసరికి బండి వెనక భాగం నేలకు కుంగిపోయి, కూలబడ్డ గేదెలా ఉంటుంది. స్టార్ట్ చేస్తే మీటరు నిండా పసుపు లైట్లు. ఆ తర్వాత లారీ మీద షెడ్డుకు ఊరేగింపు.

అది మామూలు బండి కాదు. పొడుగాటి విదేశీ వ్యాగన్ కారు. హైదరాబాద్‌లో ఒక డాక్టరు వాడి అమ్మితే పద్నాలుగు లక్షలకు కొన్నాడు. హనుమకొండలో అలాంటిది ఇంకొకటి లేదు. విత్తనాల దుకాణం నడిపే మనిషికి ఇంత బండి ఎందుకని బజారంతా చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ. ఆ స్టీరింగ్ పట్టుకుంటే చాలు, సుదర్శన్‌కు కడుపు నిండినట్టుండేది. రాత్రిళ్లు తాళంచెవిని దేవుడి పటాల ముందు పెట్టి పడుకునేవాడు. అది వాళ్లమ్మ సమ్మమ్మ పెట్టిన పద్ధతి.

"ఎంతయితది?" అని అడిగాడు.

శ్యాంసుందర్ నెమ్మదిగా లెక్క చెప్పాడు. బండి వెనక భాగాన్ని ఎత్తి పట్టుకునే గాలి బ్యాగులు రెండూ పోయాయి. వాటిలో గాలి నింపే కంప్రెసర్ కాలిపోయింది. వైర్ల సెట్టు జర్మనీ నుంచి రావాలి. తక్కువలో తక్కువ రెండు లక్షల అరవై వేలు. ఇంతకుముందు మూడుసార్లకు కలిపి నాలుగు లక్షలు ఎప్పుడో దాటింది.

"గీ రకం బండ్లకు బ్యాగులు లీకయ్యుడు మామూలే. కంప్రెసర్ పోవుడు గూడ మామూలే. కాని ఎలుకలు గింత పగవట్టిన బండిని నేనెన్నడు చూడలే. విత్తనాల సంచులేమన్న ఏస్తానవా అన్నా?"

"గింజ గూడ ఎయ్యలే."

నిజమే. విత్తనాలు సరే, పిల్లల్ని బిస్కెట్ కూడా తిననిచ్చేవాడు కాదు. అయినా డిక్కీలో చీమలు కనిపిస్తే భార్య పద్మలత మీద ఎగిరేవాడు. ఇంటి చుట్టూ బోన్లు పెట్టాడు. మందు చల్లాడు. సీట్ల కింద కలరా ఉండలు వేశాడు. వీధిలో ఇంకో అయిదు కార్లున్నాయి, వాటి జోలికి ఒక్క ఎలుకా పోలేదు. విదేశీ వైర్ల పూతలో ఏదో కమ్మటి వాసన ఉంటుందని చివరికి శ్యాంసుందరే తేల్చాడు. సుదర్శన్ నమ్మాడు. నమ్మడానికి అంతకంటే మంచి కారణం దొరకలేదు.

ఇంట్లో పద్మలత ఒక్కటే మాట చెప్పింది, బండి ఉండాలో తను ఉండాలో తేల్చుకోమని. సమ్మమ్మ మాత్రం ఇదంతా దిష్టి అంది. మేడారం జాతరకు ఆ బండిలో పోయొచ్చినప్పటి నుంచి ఊరందరి కళ్లూ దాని మీదే పడ్డాయని ఆమె గట్టి నమ్మకం. లారీ వచ్చిన ప్రతిసారీ అందర్నీ పక్కకు పొమ్మని, ఒక్కతే బండి దగ్గరికి వెళ్లి దిష్టి తీసి వచ్చేది. ముసలామె తృప్తి ఆమెదని సుదర్శన్ ఊరుకునేవాడు.

చివరికి బండి అమ్మేద్దామనుకున్నాడు. నడవని బండిని ఎవరూ కొనరు కాబట్టి అప్పు చేసి మరీ బాగుచేయించాడు. బండి తిరిగొచ్చిన రెండు వారాలకు వర్ధన్నపేట నుంచి రమాకాంత్ అనే వ్యాపారి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, అయిదు లక్షలన్నాడు. సుదర్శన్ బేరమాడలేదు. అప్పటికే వాయిదాల మీద తీసుకున్న కొత్త కారు గేటు లోపలికి వచ్చి ఉంది, బంతిపూల దండ ఇంకా వాడలేదు.

కాగితాల మీద సంతకాలయ్యాయి. డబ్బు చేతులు మారింది. రమాకాంత్ స్టీరింగ్ ముందు కూర్చోబోతుంటే సమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది. అందర్నీ పక్కకు పొమ్మంది. ఈసారి సుదర్శన్ పోలేదు. చివరిసారి కదా, డిక్కీ తనే తెరిచాడు.

సమ్మమ్మ చాప ఎత్తి, స్టెప్నీ పక్కనున్న గుంతలో చెయ్యిపెట్టి, చిన్న పసుపు గుడ్డ మూట బయటికి తీసింది.

"గదేందమ్మా?"

"సమ్మక్క తల్లి దగ్గరి బెల్లం బిడ్డా. బండికేం గావద్దని జాతర కాన్నుంచి పెడుతున్న. మెకానిక్ చేతులు తలుగొద్దని లారీ వచ్చినప్పుడల్లా తీస్త. బాగై రాంగనే కొత్త ముద్ద పెడుత. పరాయోళ్లకు పోనిస్తనా?"

సుదర్శన్ మూటను చేతిలోకి తీసుకున్నాడు. ఒక మూల గుడ్డ చిరిగి ఉంది. లోపల సగం బెల్లం లేదు. మిగిలిన సగం మీద సన్నటి పళ్ల గాట్లు.

రమాకాంత్ బండి స్టార్ట్ చేశాడు. మీటరులో ఒక్క లైటూ వెలగలేదు. వ్యాగన్ తన వెనక భాగాన్ని హాయిగా పైకెత్తుకుని, చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగింది. సుదర్శన్ గుండె కలుక్కుమంది. పద్నాలుగు లక్షలకు కాదు, ఆ నడకకు.

కొడుకు మొహం చూసి సమ్మమ్మకు జాలేసింది. దగ్గరికొచ్చి వీపు నిమిరింది.

"ఫికర్ వెట్టుకోకు బిడ్డా. దానికి ఒక్క ముద్ద సాలలే. అందుకే కొత్త బండికి మొన్ననే రెండు పెట్టిన."