మీ ఇల్లే అనుకోండి

"మీ ఇల్లే అనుకోండి" అని ఎంతమందితో అన్నారు మీరు? ఒక్కరితోనైనా మనసారా అన్నారా?

వరహాలబాబుకి ఇరవై ఏళ్లుగా మానసిక వ్యాధి. మందులతో చెవుల్లో గొంతులు ఆగాయి గానీ, మర్యాదకు అన్న మాటేదో, మనసులో మాటేదో ఇప్పటికీ పోల్చుకోలేడు. మెట్టుగూడలో, తానుండే అపార్టుమెంటులోనే, పై అంతస్తు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గృహప్రవేశానికి పిలిచి, చేతులు జోడించి ఆ మాటే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వరహాలబాబు తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా లోపలికి నడిచాడు.

"తానానికి నీళ్లు కాగాయేటి?"

ఇంటావిడ కెవ్వుమంది. వాచ్‌మన్ పరుగున వచ్చి మెడపట్టి గెంటాడు.

"ఎవరింట్ల జొచ్చినవ్‌రా, పిచ్చోడా?"

"మన ఇల్లే కదేటి! ఆ బాబే సెప్పినారు."

సాయంత్రానికి అతన్నీ, చెల్లెలు లోవలక్ష్మినీ ఖాళీ చేయించమని కాగితం తయారైంది. అందరూ సంతకాలు పెట్టారు.

సర్వభూతాల్లో ఈశ్వరుణ్ణి చూడమంది శాస్త్రం. ఆదివారం సత్సంగంలో ఆ ముక్క అరిచి చెప్పేవాడిదే మొదటి సంతకం. అలా అరిచేవాణ్ణీ, గృహప్రవేశానికి పిలిచిన ఆ ఇంటాయన్నీ నేనే!

నా మాట అతను నమ్మాడు. నేను నమ్మలేదు.

నా సంతకం కొట్టేయడానికి ఇప్పుడే వెళుతున్నాను. పెట్టినవాళ్లంతా లేవండి, ఇవాళే, లోవలక్ష్మి సామాను సర్దకముందే!