కప్పులు కడిగే రూలు

"కార్తికేయా, హౌ మెనీ టైమ్స్ షుడ్ ఐ టెల్ యూ? స్పీక్ ఇన్ తెలుగు!" అని బల్ల చరిచి అరిచాను.

మెల్‌బోర్న్‌లో నార్వే వాళ్ల పాత క్లబ్బు హాలు తీసుకుని, ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. నా అరుపు విని క్లబ్బు పెద్దాయన ఊలవ్ వంటగదిలోంచి వచ్చాడు. గిన్నెలు తోమే పీచు నా చేతిలో పెట్టాడు.

"ఈ హాల్లో తమవాళ్లతో ఇంగ్లిష్ మాట్లాడినవాళ్లు కాఫీ కప్పులు కడగాలి. క్లబ్బు పెట్టిననాటి రూలు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను అరిచింది మా భాష కోసం! మీ రూల్సు మీవాళ్ల దగ్గర పెట్టుకోండి!"

"అరిచింది ఇంగ్లిష్‌లోనే కదా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ల ముందు నా పరువు తీసినందుకు పళ్లు కొరుక్కుంటూ వంటగదిలోకి నడిచాను. గోడకు అరవై కప్పులు వేలాడుతున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు. అన్నిటికీ దుమ్ము పట్టింది. సింకులో ఉన్నది ఒక్క కప్పే, ఊలవ్‌ది.

"ఈ ఒక్క కప్పుకా ఇంత గోల? మిగతావాళ్లంతా ఏరీ?" అని గద్దించాను.

ఆయన మొహం ఎర్రబడింది.

"పెద్దవాళ్లు పోయారు. పిల్లలు రారు. వాళ్ల మీద మేమూ మీలాగే అరిచేవాళ్లం. ఇంగ్లిష్‌లో."