చాటు లెక్కలు

"నేను దొంగలెక్కలు రాయనమ్మా. ఇంకెవరినైనా చూసుకోండి," అంటూ అకౌంటెంటు కాగితాల మీదికి తల వంచేశాడు.

ఆమె కదల్లేదు. కుర్చీ అంచున కూర్చుని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, "దొంగలెక్కలు కావండీ. లెక్కలు సరిగ్గానే ఉండాలి. సరిచేసింది మీరని మాత్రం తెలియకూడదు," అంది.

"ఎవరికి? ట్యాక్సువాళ్లకా?"

"మా మావయ్యగారికి."

అతను కళ్లజోడు పైకి తోసుకుని మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు.

వాళ్లది రంగుల దుకాణం. రంగులు కలపడం, అమ్మడం ఆమె పని. లెక్కలు మావగారివి. ఆయన కూడిక వేశాక మళ్లీ చూసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఈమధ్యే తప్పులు దొర్లుతున్నాయి. జరిమానా కాగితం వస్తే, ఆయన కంటపడకుండా ఆమే కట్టేసి వచ్చింది.

"పెద్దాయన్ని విశ్రాంతి తీసుకోమనొచ్చుగా?"

"దుకాణం ఇంకా తెరవకముందే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడతారండీ. ఆ లెక్కల బల్ల దగ్గర్నుంచి లేవమంటే..."

జరిమానాకు ఆమె భయపడలేదు. 'తప్పు రాశారు మావయ్యా' అన్నప్పుడు ఆ మొహం ఎలా అయిపోతుందో, దానికే భయం. ఆ మొహాన్ని ఎన్నిసార్లు ఊహించుకుందో, అన్నిసార్లూ తనే తల దించుకుంది.

"నిన్న వాకింగుకని వెళ్లి గొడుగు ఎక్కడో మర్చిపోయారు. 'పాతదేలే, పోతే పోనీ' అని నవ్వేశారు. ఇవాళ పొద్దున చూద్దును కదా, మంచం కిందకి దూరి వెతుక్కుంటున్నారు."

అకౌంటెంటు పెన్ను పక్కన పెట్టేశాడు.

"పిల్లాడి హోంవర్కు తల్లి చేసిపెట్టినట్టు చెయ్యమంటారు. సరే, కానిద్దాం," అని, ఆమెవైపు చూడకుండా కాగితాలు సర్దసాగాడు. "ఏమిటో, ఈ వారం నాకన్నీ చాటు బేరాలే తగులుతున్నాయి."

"అంటే?"

"నిన్న ఒక పెద్దాయన వచ్చారు. పేరు చెప్పరు, ఊసు చెప్పరు. 'అంకెలు నా మాట వినడం లేదు బాబూ, వెనకనుంచి కాస్త సర్దిపెట్టు' అన్నారు. ఇంట్లో చెప్పుకోవచ్చుగా అంటే, 'కోడలుపిల్లకి ఇప్పటికే తలకు మించిన పని. ఇదీ తెలిస్తే బెంగపెట్టుకుంటుంది' అన్నారు. రేపు కాగితాలు తెస్తారట. ఆ హడావుడిలో, అదిగో, అది వదిలేసి పోయారు."

తలుపు మూల నల్ల గొడుగు. పిడి మీద ఎండిన ఆకుపచ్చ రంగు చుక్క. డబ్బా మూత తీస్తూ ఆమె చిందించిందే. తుడవబోతే, "ఉండనీ అమ్మాయ్, నాదని గుర్తుంటుంది," అన్నారాయన.

ఆమె లేచి గొడుగు దాకా వెళ్లింది. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నాకు అకౌంటెంటు అక్కర్లేదు లెండి. ఆయన పని చూడండి, చాలు."

గుమ్మం దాటబోతూ ఆగింది.

"రేపు ఆయనొస్తే గొడుగు గుర్తుచేసి ఇవ్వండి. కోడలు వచ్చివెళ్లిందని మాత్రం చెప్పకండి."