గిరిపుష్పం కంచె

చదువుకున్న పిల్లకు మట్టి అంటే అసహ్యమని మా ఇంట్లో అందరి నమ్మకం. మనాగ్వా నగరంలో నాలుగేళ్లు చదివి వచ్చినప్పటి నుంచీ నాన్న నా చేతికి గునపం ఇవ్వలేదు.

"వాగు పక్క నేల, కంచె వేసి చిగురు తెప్పించినవాళ్లకే" అన్నాడు ఈ పొద్దున. అంటూ చూసింది మాత్రం మా అన్న ఎవేలియో వైపు.

మధ్యాహ్నానికల్లా ఎవేలియో ఈలలు వేస్తూ నలభై గిరిపుష్పం కొమ్మలు పాతేశాడు; సరిగ్గా పాతితే అవి వేళ్లూని పచ్చటి కంచె అవుతాయి. నేను గట్టు మీద కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటున్నాను.

"ఏమ్మా పట్నం దొరసానీ, గొడుగు పట్టమంటావా?"

"నువ్వు కానివ్వు అన్నయ్యా, చూడ్డానికి ముచ్చటగా ఉంది."

"చూసైనా నేర్చుకోవే."

నాన్న పగలబడి నవ్వాడు. "అది కంచె పుస్తకంలో వేస్తుందిలేరా!"

సన్నటి కొనను మొన చేయడం సులువని, ఆ మొనగాడు నలభై కొమ్మలూ తలకిందులుగా పాతాడు. అలా పాతిన గిరిపుష్పం చిగురించదు. వానలు వెళ్లేలోగా అవన్నీ పొయ్యిలోకి పనికొస్తాయి. పక్కనే నిలబడిన నాన్న కూడా గమనించలేదు.

నేను మొదటి కొమ్మకే గమనించాను. చెప్పను. రేపు తెల్లారగానే కొమ్మలు కొట్టుకొచ్చి, మొదలు కిందికి పెట్టి, వాడి వరస పక్కనే నా వరస పాతుతాను. ఆ నేల నేను తీసుకుంటున్నాను.