తెరుచుకున్న డివైడర్

మేనకోడలి బిడ్డ తొట్టెల ఫంక్షన్‌కి బయల్దేరాక, ఊయలకు కట్టాల్సిన చీర ఇంట్లోనే మరిచామని నీలవేణికి గుర్తొచ్చింది. వాళ్లెక్కిన డ్రైవర్ లేని కారు, యూటర్న్ వచ్చేదాకా వెనక్కి తిరగనంది. డివైడర్ మధ్య దారులకు గేట్లుంటాయి. లోపలి మనిషికి ప్రాణం మీదికొచ్చిందని కారే కనిపెట్టి చెబితే తప్ప అవి తెరుచుకోవు.

“యూటర్న్ ఇంకెంత దూరమున్నదో!” అని విసుక్కున్నాడు భర్త యాదగిరి.

అంతలో కారు నెమ్మదించింది. పక్కనున్న గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. డివైడర్‌లో గన్నేరు మొక్కలకు నీళ్లు పడుతున్న ఒకామె పైపు వదిలేసి, వాళ్లకు చేతులు జోడించింది.

“చూసినవా, మన నసీబు మంచిగున్నది!” అన్నాడు యాదగిరి.

నీలవేణి నవ్వలేదు. “నీకేమన్న నొస్తున్నదా?”

“లేదు. నీకు?”

“నాకూ లేదు.”

కారు వాళ్ల వీధి మలుపు దాటి, ఆస్పత్రి దారి పట్టింది. ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, నాడి వెతుక్కోసాగారు.