పైన తెలిసినవాళ్లు

“సామీ, ఈ పక్క కూసోండి, ఆడ ఎండ పడతా ఉండాది” అంటూ రూపేష్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.

తిరుపతిలో రైల్వేస్టేషను ఎదురు సందులోని కాఫీ కొట్టు అది. కృష్ణస్వామి నుదుట నిలువునా నామం, జరీ అంచు పంచె, మెడలో తులసిపూసలు. ఆయన కూర్చునేలోపే రోడ్డున పోయే ఇద్దరు స్కూటరు ఆపి మరీ చేతులు జోడించారు. కొండమీద పెద్ద ఉద్యోగమే చేసుంటాడని రూపేష్ చూసిన మొదటిరోజే తేల్చేసుకున్నాడు.

రూపేష్‌ది చిత్తూరు పక్క పల్లె. తిరుపతిలో ఏసీలు అమ్మే షోరూములో పని, అదీ ఇంకా పర్మనెంటు కాలేదు. పర్మనెంటు చేయాల్సిన చెన్నై మేనేజరు ఈ శుక్రవారం కుటుంబంతో వస్తున్నాడు. “నువ్వు తిరుపతిలోనే ఉన్నావుగా, దర్శనం సంగతి నువ్వే చూసుకో” అని ఒక్క ముక్కలో చెప్పేశాడు. తిరుపతిలో అద్దెగదిలో ఉన్నా సరే, దేవుడి ఇంటి తాళంచెవి మన మొలతాడుకే వేలాడుతుందనుకుంటారు బయటివాళ్లు. ఏం చెప్తాం వాళ్లకి!

“నోరు మంచిదైతే ఊరు మంచిది నాయనా, నలుగురితో కలుపుగోలుగా ఉండు” అని తల్లి చంద్రకాంతమ్మ ఫోనులో చెప్పింది. అప్పటినుంచి ఈ కొట్టు దగ్గర కనబడినవాళ్లందరినీ పలకరిస్తున్నాడు. కృష్ణస్వామిని మరీనూ. ఆయన కూరల సంచి మోశాడు. ఆయన సెల్లుకు కొత్త అద్దం వేయించాడు. మోకాళ్ల నొప్పుల కథ ఎన్నిసార్లు చెప్పినా అప్పుడే విన్నట్టు విన్నాడు. ఆయనా తక్కువవాడు కాదు. ఇంటినుంచి పులిహోర తెచ్చి పెట్టేవాడు, కాఫీకి రూపేష్‌ను జేబులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. పెద్దాయనకు తనమీద అభిమానం కుదిరిందని రూపేష్ పొంగిపోయాడు.

“నిన్న జీపు ఆపి నీతో మాట్లాడినాయన ఎవరప్పా?” అనడిగాడు కృష్ణస్వామి.

నిజానికి ఆ మనిషి ఎవరో దారి కనుక్కుని పోయాడు.

“మనోడే సామీ! ఎమ్మెల్యే ఆఫీసులో ఉంటాడు” అనేశాడు రూపేష్. పెద్దవాళ్ల దగ్గర మనమూ కాస్త పెద్దగా కనబడాలి కదా!

“అట్లాగా! నీకు తెలియనివాళ్లే లేరే ఈ ఊళ్లో.”

“ఏదో, మీ ఆశీర్వాదం సామీ.”

కాఫీలు వచ్చాయి. ఎల్లుండే శుక్రవారం. ఇప్పుడైనా నోరు తెరవకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

“సామీ, ఒక మాట. శుక్రవారం దర్శనం గావాల. నలుగురికి. ఇది జరక్కపోతే నా ఉద్యోగం పోతాది సామీ!”

కృష్ణస్వామి గ్లాసు కిందపెట్టాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

“శుక్రవారమా? భలే కుదిరిందే! కాంచీపురం నుంచి మా వియ్యంకులూ ఆరోజే వస్తా ఉండారు. వాళ్లు ముగ్గురు.”

“అంటే?”

“మొత్తం ఏడుగురు. వేరేవేరేగా ఎందుకు, ఒకే సిఫారసు ఉత్తరంలో రాయించేస్తే పోలా?”

రూపేష్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచివాడు! తనవాళ్లతో పాటు ముక్కూముఖం తెలియని మేనేజరు కుటుంబాన్ని కూడా కలిపేసుకున్నాడు. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

“ఈ మేలు సచ్చేదాకా మర్సిపోను సామీ! పైన ఎవురికి సెప్తారు?”

“నేనా?” కృష్ణస్వామి తెల్లబోయాడు. “బడిలో పిల్లకాయలకు సంస్కృతం చెప్పుకున్నవాణ్ణి, నాకు పైన ఎవరు తెలుసు?”

“మరి...”

“నీతో స్నేహం చేసిందే ఇందుకు గదప్పా!”