ఎర్రవేరు చుక్కలు

భర్త సంచిలో మాణిక్యమ్మ రెండు పంచెలూ, ఉన్ని టోపీ సర్దింది. ఎర్రవేరు చుక్కల సీసా మాత్రం తీసి కందిపప్పు డబ్బాలో దాచింది. ఆ సీసా కోసమైనా మనిషి సగం దారిలో వెనక్కి తిరుగుతాడని ఆమె ఆశ.

చైనావాళ్ల పాత కషాయంలోంచి తీసిన ఆ చుక్కలు వచ్చాక ఊళ్లో ఎవరికీ గుండె నాళాలు పూడుకుపోవడం లేదు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడి, "మాణిక్యం, చెయ్యివ్వవే" అనే భూషణం ఎనభై దాటాక హిమాలయాలకు బయల్దేరాడు. వీధిలో ముసలివాళ్లంతా రెక్కలొచ్చిన ఉసిళ్లలా అలాగే ఎగిరిపోతున్నారు.

"నావి పాతికేళ్ల కుర్రాడి నాళాలట. డాక్టరమ్మే అంది."

"నాళాలు కడిగారు సరే, బుర్ర కడగడం మరిచిపోయినట్టున్నారు."

"నువ్వూ రావే."

"ఈ మోకాళ్లతోనా? వీటికి చుక్కలు కనిపెట్టినప్పుడు చెప్పండి, వస్తాను."

"కార్తీక పౌర్ణమికి వచ్చేస్తాగా" అని నవ్వుతూ ఆయన మెట్లు దిగాడు. చెయ్యి అడగలేదు.

మర్నాడు కాశీ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

"సీసా పెట్టడం మరిచిపోయావే పిచ్చిదానా! పర్లేదులే, ఇక్కడ మంచినీళ్ల కుళాయి పక్కనే చుక్కల కుళాయి కూడా పెట్టారు."

"తాగండి. కడుపునిండా తాగండి" అని మాణిక్యమ్మ ఫోన్ పెట్టేసింది. పప్పులోంచి సీసా తీసి తూములో ఒంపేసింది.

భూషణం ఆ కార్తీక పౌర్ణమికి రాలేదు. ఆ తర్వాత ఏ పౌర్ణమికీ రాలేదు.